నున్నమ్మ పలక

టైలరుగారి కటింగ్ బల్ల మీద నల్లటి దళసరి గుడ్డ బిగించి ఉంటుంది. ఆ ఇంట్లో ఆయనతో ఎవరికి ఏ పని పడినా ఆ గుడ్డ మీదే, బట్టలకు గుర్తులు పెట్టే సుద్దముక్కతో రాస్తారు. "అన్నం." "నీళ్ళొచ్చాయి." "చొక్కా కోసం వచ్చారు." ఆయన చదివి, అరచేత్తో తుడిచి, నోటితో జవాబు చెబుతారు. కొన్నేళ్ళ కిందట మొదలైన చెవుడు, నూతిలో నీరు ఇంకినట్టు, ఎవరూ చూస్తుండగానే ఎవరికీ తెలియకుండా ముదిరింది. చెవి మిషన్లు పెట్టి చూశారు. వాటితో మాట రాలేదు, మోత వచ్చింది. "మోతే కావాలంటే నా కుట్టుమిషను లేదూ?" అని ఆయన వాటిని బొత్తాల డబ్బాలో పడేశారు.

బల్ల మీద పడే మాటలను కాస్త శ్రద్ధగా గమనిస్తే అవన్నీ ఒకే జాతివని తెలుస్తుంది. అన్నీ పనికొచ్చే మాటలు. కూరలో ఉప్పు తగ్గిందని రాస్తారు గాని, ఉప్పు తగ్గిన కూర గురించి ఎవరు ఎవరిని ఎలా దెప్పారో రాయరు. రాయడం పూర్తయ్యేసరికి దెప్పుడు చప్పబడిపోతుంది. ఇల్లన్నాక సగానికి పైగా పనికిరాని మాటలే ఉంటాయి. ఆ సగం ఇల్లు ఆయనకు మూతపడిపోయింది.

సాయంత్రం పూట వీధిగుమ్మంలో కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు అది బాగా తెలిసేది. టైలరుగారి అక్క ఆ ఇంట్లోనే ఉంటుంది. వీధిలో అందరూ ఆమెను రేడియో అంటారు. పక్కింటి పిల్లి దొంగతనం కథయినా సరే, ఆమె నోట పడితే నలుగురు కడుపు పట్టుకోవలసిందే. అందరూ నవ్వుతారు. టైలరుగారు ఒక్కొక్కరి మొహమూ చూసి, కాస్త ఆలస్యంగా తానూ నవ్వుతారు. అది అరువు నవ్వు. తరువాత పక్కనున్నవారిని "ఏంటి?" అని అడుగుతారు. వాళ్ళు చెయ్యి ఆడించి "ఏం లేదులే" అంటారు. ఆయన భార్య కూడా ఎన్నోసార్లు అలాగే అన్నది. ఆయన చెవులు బాగుపడాలన్న ఆశ ఆమె ఎప్పుడో వదులుకుంది. ఒక్కసారైనా నలుగురితో పాటు, ఆ క్షణానే, ఆయన నవ్వితే చూడాలన్న కోరిక మాత్రం వదలలేదు.

ఆమెను పని దగ్గర నున్నమ్మ అంటారు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా వినపడదు. పెళ్ళికి ముందునుంచీ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసిన చెయ్యి ఆమెది. ఆమె వేలు తగిలితే గరుకు పారిపోతుందని దుకాణం యజమాని అనేవాడు. "దూరపు కొండలు నునుపంటారు, నా ఖర్మకి దగ్గరి కొండే నునుపు" అని టైలరుగారు పెళ్ళయిన కొత్తలో అన్న మాట, ఆమె చాలా ఏళ్ళు మురిపెంగా దాచుకుంది. దుకాణం మూతపడ్డాక, మాటలనూ బొమ్మలనూ కళ్ళ ముందు గాలిలో చూపించే కొత్తరకం జోళ్ళకు పలకలు చేసే కార్ఖానాలో చేరింది.

ఆ పలక సంగతి ఆమె అడిగినవారికి ఇలా చెప్పేది. జోడు కాడలో ఓ చిన్న దీపం ఉంటుంది. అది అక్షరాలను వెలుగు చేసి పంపుతుంది. ఆ వెలుగు పలక అంచున దూరి, ముందు ముఖానికీ వెనక ముఖానికీ మధ్య, ఇరుకు సందులో గోడకూ గోడకూ కొట్టిన బంతిలా ఎగురుతూ వచ్చి, కంటికి ఎదురుగా ఉన్న సన్నటి గీతల దగ్గర బయటపడుతుంది. పెట్టుకున్నవారికి ఎదుటి మనిషీ కనిపిస్తాడు, ఆ మనిషి ముందు గాలిలో అక్షరాలూ కనిపిస్తాయి. గోడలు రెండూ సమంగా ఉన్నంతవరకే బంతి దారి తప్పకుండా వస్తుంది.

ఇదివరకు ఆ పలకలు గాజుతో చేసేవారు. గాజు పలకలో అక్షరాలు చిన్న కిటికీలో చూసినట్టు ఇరుక్కుని ఉండేవి. పక్కన దీపం వెలిగితే చాలు, ఇంద్రధనుస్సు రంగులు అడ్డుపడేవి. అందుకని కార్ఖానా వాళ్ళు సిలికాన్ కార్బైడ్ అనే గట్టి పదార్థాన్ని తెప్పించారు. అది వెలుగును గాజుకంటే బాగా వంచుతుంది. కిటికీ పెద్దదవుతుంది, రంగుల గోల తగ్గుతుంది, పలక పలచగా ఉన్నా సరిపోతుంది. చిక్కల్లా దాని మొండితనమే. వజ్రం తరువాత అంతటి మొండిఘటం మరొకటి అరుదు. పైగా కళ్ళజోళ్ళ దుకాణంలో గాజును అరగదీయడానికి వాడిన పొడి కూడా అదే పదార్థం.

మొదటి పలకను చేతిలోకి తీసుకున్ననాడు నున్నమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "ఇన్నాళ్ళూ కత్తిపీటతో కూర తరిగాం, ఇప్పుడు కత్తిపీటనే తరగమంటున్నారు" అన్నది. నునుపు గదిలో అందరూ నవ్వారు. ఆ గదిలో ఆమె కాక ముగ్గురు. పొద్దస్తమానం గొణిగే సణుగుడు తాత, తలుపులో తల వంచి రావలసిన పొడుగమ్మ, ఎడమచేతి వాటం ఉన్న పిన్ని. యంత్రం పలకను చాలావరకూ చదును చేస్తుంది. చివర్లో మిగిలే ఎత్తుపల్లాలను వీళ్ళు తారు పూసిన గుండ్రటి దిమ్మతో, వజ్రపు పొడి తడిలో, చేత్తో రుద్దుతారు.

ఆ గదికి ఒక కట్టుబాటు ఉంది. ఒక పలక, ఒక చెయ్యి. ఒకరు మొదలుపెట్టిన పలకను ఇంకొకరు ముట్టరు. తప్పు జరిగితే ఎవరిదో తెలియాలని ఏ కాలంలోనో పెట్టుకున్న నియమం, కాలక్రమాన పరువుగా మారింది. పక్కవారి పలకను సర్దబోవడమంటే వారి వంటింట్లో దూరి కూరలో ఉప్పు వేయడంలాంటిది.

పలకలను కొలిచే యువ ఇంజనీరును అందరూ గీతల సారు అంటారు. చదునైన పరీక్ష గాజు మీద పలకను ఆనించి, పసుపుపచ్చ దీపం కింద చూస్తే చారలు కనబడతాయి. చారలు తిన్నగా ఉంటే పలక చదును, విల్లులా వంగితే వంపు. అతని బతుకంతా ఆ చారలతోనే. ఒకరోజు అతను నునుపు గది గుమ్మంలో నిలబడి చెప్పాడు. చెవిటివారికోసం ఎదుటివారి మాటలను అక్షరాలుగా చూపే జోడు ఒకటి తయారవుతోంది. జోడు చేసేవాళ్ళు వచ్చే నెల మొదటివారంలో వస్తారు. కొత్త పలక అప్పటికి సిద్ధమైతే ఇక్కడే బిగించి పరీక్షిస్తారు. కాకపోతే జోడును ఇంకో ఊరి కార్ఖానాకు, అక్కడి మనిషికోసం పట్టుకుపోతారు.

"పెట్టుకుని చూడ్డానికి వినపడనివారు ఎవరైనా కావాలండీ. ఎవరైనా తెలుసా?" అని అడిగాడు.

"మా ఇంట్లో ఉన్నారు," అన్నది నున్నమ్మ. అని, అక్కడ ఉన్న పలకను చప్పున తన దిమ్మ ముందుకు జరుపుకుంది. "ఇది నాది."

ఆ సాయంత్రం విషయమంతా బల్ల మీద రాసేసరికి సుద్దముక్క సగమైంది. టైలరుగారు రెండుసార్లు చదివారు.

"కళ్ళతో వినమంటావు. మరి చెవులతో ఏం చెయ్యాలి?"

నున్నమ్మ సుద్దముక్క అందుకుని రాసింది: "జోడు తగిలించుకోండి."

ఆయన బల్ల మీద చెయ్యి చరిచి నవ్వారు. ఆ గుడ్డ మీద ఎంతో కాలానికి పడిన పనికిరాని మాట అది. తుడవడానికి ఆయనకు చేతులు రాలేదు. కాసేపటికి గొంతు తగ్గించి, "ఎక్కువ ఆశ పెట్టుకోకు. చెవి మిషన్లప్పుడు నీ మొహం చూడలేకపోయాను," అన్నారు.

ఇక మొదలైంది ఆమె తపస్సు. పలకను యంత్రం మీదనుంచి తీసిన దగ్గరనుంచి ఇంకెవరి గాలీ సోకనివ్వలేదు. భోజనానికి లేచినా గుడ్డ కప్పి వెళ్ళేది. "పసిపిల్లకి దిష్టి తగులుతుందని కాబోలు" అని తాత సణిగాడు. రుద్దింది, కడిగింది, మళ్ళీ రుద్దింది. అద్దంలో చూసుకున్నట్టు మొహం కనిపించేదాకా రుద్దింది. ఎంతో గర్వంగా గీతల సారు చేతిలో పెట్టింది.

అతను చాలాసేపు చూశాడు. "నున్నమ్మగారూ, నునుపు అద్భుతంగా ఉందండీ. కానీ బొజ్జ వచ్చింది."

"ఎంత?"

"మనిషికి వస్తే ఎవరికీ కనపడనంత. వెలుగుకి మాత్రం కొండంత."

బల్ల మీద బిగించిన పరీక్ష దీపంలో పలకను పెట్టి చూపించాడు. "నమస్కారం" అన్న మాట గాలిలో తేలింది. దాని కింద, నీళ్ళలో నీడలా, ఇంకో "నమస్కారం". గోడలు సమంగా లేని సందులో బంతి రెండు దార్లు పట్టింది. ఒకరోజు చూసేవారికి అది వింతే. రోజూ అందులోనే మాటలు చదువుకోవలసినవారికి తలనొప్పి.

ఆమె మళ్ళీ కూర్చుంది. మరింత జాగ్రత్తగా, మరింత ప్రేమగా. బొజ్జ పెరిగింది. జోడువాళ్ళు వచ్చే వారం దగ్గరపడుతోంది. గీతల సారు పక్కన కూర్చుని ఒత్తిడి ఎక్కడ పడుతోందో చూడబోయాడు గాని, దిమ్మ కింద ఏం జరుగుతోందో పైనుంచి ఏం కనపడుతుంది? "మీరు తప్పేమీ చెయ్యడం లేదండీ, అదే నాకు అర్థం కావడం లేదు," అన్నాడు నిజాయితీగా.

ఇంటికి వచ్చి, పరధ్యానంగా కటింగ్ బల్ల తుడుస్తోంది. టైలరుగారు కత్తెర ఆపి చూశారు. బల్ల అంచుల వెంట, చెయ్యి గుండ్రంగా తిరిగిన మేర, నల్లగా తళతళలాడుతోంది. మధ్యలో పళ్ళెమంత మేర సుద్ద అలాగే ఉంది.

"ఏమే, బల్లకి కూడా పవరు పెడుతున్నావా? ఊళ్ళో అందరి కళ్ళూ అయిపోయాయి, ఇప్పుడు దీనికి చత్వారం వచ్చిందా?"

ఆమె చెయ్యి ఆగిపోయింది. తన చేతిని తానే కొత్తగా చూసుకుంది. కళ్ళజోడు అద్దానికి వంపే ప్రాణం. ఆ వంపును తేవడానికి ఇన్నేళ్ళు తిరిగిన చెయ్యి, చదును పలక మీదా అదే దారిన తిరుగుతోంది. మనసు పెట్టే కొద్దీ చెయ్యి తనకు బాగా వచ్చిన పనే చేస్తోంది. కార్ఖానాకు కాపురానికి వచ్చి ఇన్నేళ్ళయినా, ఆ చేతికి పుట్టింటి అలవాటు పోలేదు. గాజు పలక మెత్తనిది, కాసేపట్లో పని అయిపోయేది, ఆ కాసింత వంపు లెక్కకు వచ్చేది కాదు. ఈ మొండిఘటం మీద రోజుల తరబడి రుద్దాలి కాబట్టి దాగలేదు.

మర్నాడు చేతిని వెనక్కు తిప్పింది, అంచును వదిలి మధ్యను అదిమింది. గీతల సారు చూసి తల గోక్కున్నాడు. "బొజ్జ పోయిందండీ. గుంట వచ్చింది."

నున్నమ్మ పలక మీది గుడ్డ తీసేసింది. పలకను రెండు చేతులతో ఎత్తి తీసుకెళ్ళి తాత ముందు పెట్టింది.

"కాసేపు మీరు రుద్దండి, బాబాయ్."

గదిలో దిమ్మలన్నీ ఆగిపోయాయి. తాత పలకను చూడకుండా పైకప్పు చూశాడు. "ఎంగిలి పలక నేను ముట్టను."

"మీ చెయ్యి పక్కకి లాగుతుంది. నాది గుండ్రం తిరుగుతుంది. పొడుగమ్మ అంత ఎత్తునుంచి అవతలి కొస అదుముతుంది. పిన్నిదైతే అంతా తిరగేసే. ఎవరి వంకర వాళ్ళది. నలుగురి వంకరలూ ఒకదాన్నొకటి తినెయ్యనివ్వండి."

"నా చేతికి వంకరా?" తాత పైకప్పును వదిలి ఆమెను చూశాడు. "ఇన్నేళ్ళనుంచీ చెప్పలేదేం?"

"మీరడగలేదు."

"పక్కకి లాగుతుందంట," అని ఆయన పొడుగమ్మతో ఫిర్యాదు చేశాడు.

"లాగుతుందిలే తాతా. మేమెవరమూ అనలేదంతే," అన్నది పొడుగమ్మ.

ఎడమచేతి పిన్ని అప్పటికే చెయ్యి కడుక్కుంటోంది. "నా చేతిని పనికిరాని చెయ్యి అని మా అమ్మ అననిరోజు లేదు. ఇన్నాళ్ళకి దీనికి పిలుపొచ్చింది. జరుగు తాతా, ముందు నేను."

ఆ మాటతో తాతకు పౌరుషం వచ్చింది. "ముందు నన్ను పిలిచింది. నువ్వు తరవాత." అని పలకను తన ముందుకు లాక్కున్నాడు.

ఆ రోజునుంచి నునుపు గది పెళ్ళివారి వంటశాలలా ఉంది. ఒకరు కాసేపు రుద్దడం, గీతల సారు కొలవడం, ఏం తగ్గిందో చెప్పడం. అతనికి ఉత్సాహం పట్టింది. వంటవాడు గరిటె రుచి చూసి ఉప్పు అడిగినట్టు, చారలు చూసి మనుషులను అడిగేవాడు. "ఇప్పుడు కాస్త తాతగారు కావాలి." "చాలు, ఇంక పిన్నిగారు." "ఓ చిటికెడు పొడుగమ్మ." నియమం మంటగలిసింది గాని, నవ్వు మాత్రం ఆగలేదు. నున్నమ్మ ఒక్కోసారి పక్కన నిలబడి, తన పలక మీద ఇంకొకరి చెయ్యి తిరుగుతుంటే చేతులు నులుముకునేది. అంత ప్రాణం పెట్టుకున్నదాన్ని పరాయి చేతికివ్వడం, నేర్చుకోవలసిన విద్యే.

జోడువాళ్ళు వచ్చే ముందురోజు మధ్యాహ్నం, పసుపుపచ్చ దీపం కింద చారలు దువ్విన జుట్టులా తిన్నగా పడుకున్నాయి. గీతల సారు పక్కకు జరిగి, నలుగురినీ వరసగా చూడనిచ్చాడు. తాత అందరికంటే ఎక్కువసేపు చూశాడు. "పక్కకి లాగకపోతే ఇది అయ్యేదా?" అని సణుగుతూ వెళ్ళిపోయాడు.

పరీక్షకు మాట్లాడే మనిషిని ఒకరిని తీసుకురమ్మన్నారు. "ఆ విషయంలో మా ఇంటికి లోటు లేదండీ," అని నున్నమ్మ వదినను వెంటబెట్టుకు వచ్చింది. చిన్న గదిలో నాలుగు కుర్చీలు. జోడు చేసిన ఆవిడ టైలరుగారి ముక్కు మీద జోడు సర్ది, కాడ పక్కన ఏదో నొక్కింది. నునుపు గది వాళ్ళు గుమ్మంలో గుమిగూడారు. నున్నమ్మ భర్త పక్కన కూర్చుంది. ఆయన చేతులు మోకాళ్ళ మీద బిగుసుకుని ఉన్నాయి. ఆమె చేతులూ అంతే.

"మాట్లాడండమ్మా," అన్నాడు గీతల సారు.

జీవితంలో మొదటిసారి రేడియోకు నోరు పెగల్లేదు. పైట సర్దుకుని, గొంతు సవరించుకుని, సభలో ఉపన్యాసంలా మొదలుపెట్టింది. "తమ్ముడూ. నమస్కారం. నీవు కులాసాగా ఉన్నావా."

టైలరుగారి కళ్ళు ఆమె ముందున్న గాలిలో ఎడమనుంచి కుడికి కదిలాయి.

"అక్కా, ఇద్దరం ఒకే ఇంట్లోంచి వచ్చాం కదా. కొత్తగా కులాసా అడుగుతావేంటి?"

వదిన బిక్కచచ్చిపోయింది. గుమ్మం దగ్గర, అటు తిరిగి, ఎవరికీ చెప్పనట్టు తాత గొణిగాడు. "రేడియో రేడియో అన్నారు. స్టేషను దొరకనట్టుంది."

నవ్వు పుట్టింది. పకాలున పుట్టిన ఆ నవ్వులో టైలరుగారిది కూడా ఉంది. ఆయన ఎవరి మొహమూ చూడలేదు. తాత వీపు చూస్తూ నవ్వుతున్నారు, తల వెనక్కు వేసి, భుజాలు ఎగిరిపడేలా. నున్నమ్మ నవ్వడం మరచిపోయింది. మాట వినపడిన ఆమెకంటే ముందు, మాట చదివిన ఆయన నవ్వారు. ఆమె పైటచెంగుతో కళ్ళు అద్దుకుంటే, పొడుగమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

స్టేషను దొరకలేదన్న మాట వదినకు రోషం తెప్పించింది. "నాకా? నాకు దొరకదా?" అని కుర్చీ ముందుకు జరుపుకుంది. "వీడి సంగతే చెబుతాను వినండి. వీడు కొత్తగా కుట్టు నేర్చుకున్న రోజుల్లో ఓ పెద్దమనిషికి పంట్లాం కుట్టాడు. రెండు కాళ్ళూ ఎడమకాళ్ళే. ఆయన దాన్నేసుకుని మా వీధిలో నడుస్తుంటే,"

"ఎడమకాళ్ళేంటి?" టైలరుగారు అడ్డు తగిలారు. "ఒక కాలు పొట్టి, అంతే. అది కూడా గుడ్డ చాలక."

మాట మధ్యలో తమ్ముడు అడ్డు రావడం ఎన్నేళ్ళ కిందటి మాటో. "మధ్యలో రాకురా. నన్ను చెప్పనీ. రెండూ ఎడమకాళ్ళే. ఆయన ఇటు అడుగేస్తే అటు పోతున్నాడు,"

"ఇదేనా ఇన్నేళ్ళూ గుమ్మంలో కూర్చుని ఊరందరికీ చెబుతున్నది?"

"నీ ఎదురుగానే చెప్పాను. నువ్వెప్పుడైనా కాదన్నావా?"

"నాకు వినపడితే కదా."

"అది నా తప్పా?"

ఇద్దరి గొంతులూ లేచాయి. తాత ఇటు తిరిగి గుమ్మానికి ఆనుకుని కథ వింటున్నాడు. పిన్ని పొట్ట పట్టుకుంది. జోడు చేసిన ఆవిడ ఏదో అడగబోయి, ఎవరిని అడగాలో తెలియక ఊరుకుంది. చివరికి గీతల సారు వంగి, టైలరుగారికి ఎదురుగా వచ్చి, "అక్షరాలు ఎలా ఉన్నాయండీ? కింద నీడలాంటిదేమైనా కనపడుతోందా?" అని అడిగాడు.

టైలరుగారు అక్క మీదనుంచి చూపు తిప్పకుండానే, అతన్ని చేత్తో మెల్లగా పక్కకు జరిపారు.

"అక్షరాలు బంగారంలా ఉన్నాయండీ. ఈవిడ చెప్పేదే అబద్ధం."